మైకు మింగిన అక్షరం

ఆ అమ్మాయికి పెట్టిన పేరు ఏదైనా, ఇంట్లో అందరూ పిలిచేది మాత్రం ఏమోగారు అనే. అది వాళ్ళ నాన్న ఇచ్చిన బిరుదు. నీలం గౌను వేసుకుంటావా, తెల్లది వేసుకుంటావా అంటే "ఏమో". పాలా, టీయా అంటే "ఏమో". పెద్దయ్యాక ఏమవుతావమ్మా అని ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే మాత్రం కాస్త ఆలోచించి "ఏమోనండీ" అనేది. "చూశారా, మా ఏమోగారికి పెద్దలంటే ఎంత గౌరవమో" అని నాన్న మురిసిపోయేవాడు. పేరులో గారు ఉంది కదా అని మనం కూడా ఆవిడగారూ, వచ్చారూ, వెళ్ళారూ అంటూ కూర్చుంటే కథ ముందుకి సాగదు. బడికి వెళ్ళే పిల్ల. వచ్చింది, వెళ్ళింది అనే అనుకుందాం.

నిజానికి ఆమెది బద్ధకం కాదు. ఒకటి తీసుకుంటే రెండోది చిన్నబుచ్చుకుంటుందేమో అన్నట్టుండేది ఆమె వాలకం. అలాంటివాళ్ళని లోకం గోడ మీద పిల్లి అంటుంది. గోడ ఎక్కితేనే గదా రెండు పెరళ్ళూ కనిపించేది! ఆ సంగతి లోకానికి ఎప్పుడు తట్టింది గనక.

ఒక సోమవారం పొద్దున్న బడి ఆవరణలో పిల్లలందరినీ వరసల్లో నిలబెట్టి, వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ మైకు ముందుకొచ్చింది. ఆ మైకు గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ప్రతి మాటలోనూ మొదటి అక్షరం మింగేయడం దాని జబ్బు. ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పాడు, దులిపాడు, మళ్ళీ బిగించి "ఇప్పుడు చూడండి" అన్నాడు. మైకు "ప్పుడు డండి" అంది. అప్పటి నుంచి ఎవరూ దాని జోలికి పోలేదు. పిల్లలు అలవాటు పడిపోయారు. "ల్లలూ, శ్శబ్దం" అని వినిపిస్తే పిల్లలూ, నిశ్శబ్దం అని వాళ్ళే అతికించుకునేవాళ్ళు. ఖాళీలను పూరింపుము అన్న ప్రశ్నలో ఆ బడి పిల్లల్ని కొట్టేవాళ్ళు లేరు.

ఆ రోజు మేడమ్ చెప్పబోయేది ఏమిటో అందరికీ తెలుసు. రెండేళ్ళలో రాయాల్సిన పెద్ద పరీక్షకి, అందరూ చదివే సబ్జెక్టులు కాక, ఎవరికి వాళ్ళు మరో రెండు ఎంచుకోవాలి. మేడమ్ గొంతు సవరించుకుంది.

"ల్లలూ! కు చ్చినవి సుకోండి! క్రవారంలోపు ఫీసులో ప్పండి!"

ఫీసు అనగానే వెనక వరసలో ఒకడు ఉలిక్కిపడ్డాడు గానీ, ఆఫీసు అని పక్కవాడు సర్ది చెప్పాడు. శుక్రవారంలోపు ఆఫీసులో చెప్పాలి. అంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా దాని ముందు మాట దగ్గర.

"విన్నావా? నచ్చినవి తీసుకోమంది!" అంది ఏమోగారు, మొహం చేటంత చేసుకుని.

"నీ మొహం," అంది పక్కనున్న స్నేహితురాలు. ఏది అడిగినా ఠక్కున జవాబు చెప్పే పిల్ల కాబట్టి ఆమెని అందరూ టకటక అంటారు. "వచ్చినవి తీసుకోమంది. నచ్చినవి తీసుకోమంటే మన క్లాసులో సగంమంది నిద్ర తీసుకోరూ?"

"నేను నచ్చినవి అనే విన్నానే."

"నేను వచ్చినవి అనే విన్నాను."

తేడా ఒక్క అక్షరమే. కానీ ఏమోగారి ప్రాణం సరిగ్గా ఆ అక్షరంలోనే ఇరుక్కుంది. రెండింట్లో మొదటిది భూగోళం. దాంతో చిక్కు లేదు. అది ఆమెకి వచ్చు, నచ్చు కూడా. రెండో దాని దగ్గరే తకరారు. కామర్స్ ఆమెకి వచ్చు. కష్టపడకుండానే వచ్చు. టీచరు బోర్డు మీద సగం రాసేసరికే ఈమెకి జవాబు తెలిసిపోతుంది, మిగతా సగంసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. బడి వెనక రేకుల షెడ్డులో నేర్పే వడ్రంగం ఆమెకి నచ్చింది. చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టుకుంటూ లేచే చెక్క పొట్టు, దాని వాసన, రంపం గాడిలో పడ్డప్పుడు వచ్చే చప్పుడు, అన్నీ నచ్చాయి. అయితే వడ్రంగానికి ఈమె నచ్చినట్టు లేదు. కిందటేడు ఒక స్టూలు చేసింది. ఒక కాలు పొడుగైందని కోసింది. ఇంకో కాలు పొడుగైంది. అదీ కోసింది. అలా నాలుగు కాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి స్టూలు కాస్తా పీటైంది. నాన్నమ్మ దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుని "ఎంత హాయిగా ఉందే" అంది. ఇవ్వాల్సిన మార్కుల్లో సగం నాన్నమ్మే ఇచ్చేసింది.

నవ్వులాట పక్కన పెడితే, సంగతి మాత్రం చిన్నది కాదు. పెద్ద పరీక్షలో ఒక్క సబ్జెక్టులో తప్పినా ఏడాది మొత్తం మళ్ళీ చదవాలి. తోటివాళ్ళు పై తరగతికి వెళ్ళిపోతుంటే చూస్తూ, పాత బెంచీ మీదే కూర్చోవాలి. పోనీ ఫలానా అవ్వాలని ఉంది, దానికి ఇది కావాలి అని చెప్పుకోవడానికి ఏమోగారి దగ్గర ఆ ఫలానా లేదు. తర్వాత ఏమవుతుందో తెలియదు, ఎంచుకోవడం మాత్రం ఇప్పుడే. ఇదెక్కడి న్యాయం అని ఆమెకి ఒళ్ళు మండింది. మండదూ మరి?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర గొడవ ఇంటికొచ్చింది.

"వచ్చినవి అనే అనుంటుంది," అన్నాడు నాన్న, పళ్ళెంలోంచి తలెత్తకుండా. ఆయన లిఫ్టు మెకానిక్. ఏ మాటైనా బిగించి మాట్లాడతాడు. "బాధ్యత ఉన్న మనిషి మైకు పట్టుకుని నచ్చినవి తీసుకోండి అని చెప్తుందా?"

"ఎందుకు చెప్పదు?" అంది అమ్మ. "రెండేళ్ళు చదవాల్సింది ఇది కదా. నచ్చకపోతే ఎలా చదువుతుంది?"

"ఆ లెక్కన నువ్వు నన్ను నచ్చే చేసుకున్నావా?"

"లేదు. వచ్చిన సంబంధమని చేసుకున్నాను."

"చూశావా, నా మాటే గెలిచింది," అన్నాడు నాన్న. అమ్మ నవ్వాపుకోలేక నీళ్ళ గ్లాసు అందుకుంది.

నాన్నమ్మకి కొంచెం చెవుడు. ఇంతసేపూ అందరి నోళ్ళూ మార్చి మార్చి చూసి, "మెచ్చినవి అయ్యుంటుందే. నలుగురూ మెచ్చినవి తీసుకోమని," అంది.

"మీకు మెచ్చినవి అని ఎవరూ అనరు నాన్నమ్మా. వ్యాకరణం ఒప్పుకోదు."

"మైకుకి వ్యాకరణం తెలుసా ఏంటి?"

ఏమోగారు కాస్త ధైర్యం తెచ్చుకుని, "వడ్రంగం తీసుకుంటే ఏమవుతుంది నాన్నా? మహా అయితే తప్పుతాను," అంది.

నాన్న మొహంలో నవ్వు ఠక్కున ఆగిపోయింది. "ఆ మాట అనకు. మనింట్లో పరీక్ష తప్పడమన్నది వద్దు. కామర్స్ తీసుకో తల్లీ, నా మాట విను," అని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన కేకలేసి ఉంటే ఏమోగారు ఎదురు చెప్పి ఉండేది. తల్లీ అని బతిమాలినట్టు అనేసరికి పళ్ళెం తీసుకుని తనూ లేచింది.

మర్నాడు బడి వదలగానే ఆమె అమ్మ పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. షాపు వెనక చిన్న చీకటి గది, అందులో ఎత్తు కుర్చీ, ఎదురుగా గోడ మీద వెలిగే అక్షరాలు. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా? పోనీ ఇదా?" అని అడగడం అమ్మ ఉద్యోగం. ఆ వేళ గిరాకీ పలచగా ఉంది. కూతురు మొహం వేలాడేసుకుని కుర్చీ ఎక్కేసరికి అమ్మకి విషయం అర్థమైపోయింది. ఫ్రేము తీసి కూతురి ముక్కు మీద పెట్టింది.

"చూడు. ఇది కామర్స్," అంటూ ఒక అద్దం వేసింది. అది తీసి ఇంకోటి వేసింది. "ఇది వడ్రంగం. ఏది బాగుంది?"

"ఏమో. రెండూ ఒకేలా ఉన్నాయి."

"మళ్ళీ చూడు. కామర్స్... వడ్రంగం..."

"ఒకేలా ఉన్నాయమ్మా. నిజంగా!"

"అయితే ఇంక నేను మార్చను," అంది అమ్మ, ఫ్రేము తీసేసి. "ఈ కుర్చీలో కూర్చుని రెండూ ఒకేలా ఉన్నాయి అన్నవాళ్ళందరికీ ఒకటే భయం, ఏదో తప్పు చెప్పేశామని. ఆ రెండూ ఒకేలా కనబడే చోటు దొరకాలనే నేను అద్దాలు మార్చేది. అక్కడికొచ్చాక ఏది పెట్టినా అక్షరాలు కనిపిస్తాయి."

"పరీక్షలో తప్పితే?"

"తప్పితే తప్పుతావు. నేనైతే నచ్చింది తీసుకోమంటాను. కానీ మీ నాన్నని నువ్వే ఒప్పించాలి. ఆయనకి ఆ మాట ఎందుకు పడదో ఆయన్నే అడుగు."

"నువ్వు చెప్పొచ్చుగా."

"ఆయన కథ నేనెందుకు చెప్తాను? పద పద, బయట ఎవరో వచ్చారు."

వడ్రంగం నేర్పే మాస్టారు పొగడ్తల్లో పిసినారి మనిషి. బుధవారం మధ్యాహ్నం ఏమోగారు షెడ్డులోకి వెళ్ళి, తను కిందటి వారం అతికించిన రెండు చెక్కల్ని ఆయన ముందు పెట్టి, ఉన్నమాట చెప్పమంది. ఆయన వాటిని వెలుతురుకి పట్టుకుని చూశాడు. అతుకు సందులోంచి ఆయన కళ్ళజోడు కనిపించింది.

"ఇప్పుడు పరీక్ష పెడితే మాత్రం తప్పుతావమ్మా," అన్నాడు.

"రెండేళ్ళ తర్వాత పెడితే?"

మాస్టారు చెక్కల్ని బల్ల మీద పెట్టి, చేతికంటిన పొట్టు దులుపుకుని, "ఏమో," అన్నాడు.

జన్మలో మొదటిసారి ఆ మాట ఇంకొకరి నోట వినేసరికి ఏమోగారికి నవ్వొచ్చింది. అందులో ఇంత చోటుందని తనకే తెలియదు. తను అంటున్నప్పుడు అది తలుపు వేసినట్టు వినిపించేది అందరికీ. మాస్టారు అంటే ఓరగా తీసినట్టు వినిపించింది. షెడ్డులోంచి బయటికొస్తూ ఆమె కాస్త గెంతింది కూడా, ఎవరూ చూడటం లేదు కదా అని.

గురువారం సాయంత్రానికి బడి అంతా రెండు పార్టీలైపోయింది. వచ్చినవి పార్టీ, నచ్చినవి పార్టీ. ఏ పార్టీలోనూ చోటు దొరకని ఒకరిద్దరు మెచ్చినవి అంటూ నాన్నమ్మ దారి పట్టారు. తల ప్రాణం తోకకొచ్చి, టకటక ఏమోగారి చెయ్యి పట్టుకుని "ఈ గోలంతా ఎందుకు, మేడమ్‌నే అడిగేద్దాం పద" అని వైస్ ప్రిన్సిపాల్ గదికి లాక్కెళ్ళింది. ఇంత తేలికైన ఉపాయం నాలుగు వందల మంది పిల్లల్లో ఇంకెవరికీ ఎందుకు తట్టలేదని మీరు అడగొచ్చు. ఆ గదికి వెళ్ళడమంటే మరి మాటలా?

"మేడమ్, సోమవారం మీరు వచ్చినవి తీసుకోమన్నారా, నచ్చినవి తీసుకోమన్నారా?" అని టకటక ఒక్క ఊపిరిలో అడిగేసింది.

మేడమ్ కలం ఆపి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "నేనెప్పుడన్నాను అలాగ?"

"మైకులో మేడమ్. మీకు... చ్చినవి... సుకోండి అని."

మేడమ్ కాసేపు గుర్తు చేసుకుంది. ఆ తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. పిల్లలిద్దరూ భయపడిపోయారు గానీ ఆమె నవ్వుతోంది. "ఓసి మీ తెలివి తెల్లారినట్టే ఉంది! మీకు ఇచ్చినవి రాసుకోండి అన్నాను. నోటీసు బోర్డు మీద సబ్జెక్టుల పేర్లు ఇచ్చాం కదా, అవి రాసుకుని ఇంట్లో చూపించమని! మీకేం నచ్చాయో, మీకేం వచ్చో నాకెలా తెలుస్తుంది?"

టకటకకి మొదటిసారి టక్కున జవాబు దొరకలేదు. ఏమోగారికైతే కాళ్ళ కింద పీట లాగేసినట్టయింది. నాలుగు రోజుల నుంచి ఆమె మోస్తున్నది ఎవరి మాటా కాదన్నమాట. నచ్చినవి తీసుకోమని ఎవరూ అనలేదు. వచ్చినవి తీసుకోమనీ అనలేదు. రేపు అటో ఇటో అయితే "మేడమే చెప్పింది" అనడానికి కూడా వీల్లేదు.

"ఏమవ్వాలనుంది నీకు?" అని అడిగింది మేడమ్, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏమోనండీ."

"నాకు రిటైరవ్వడానికి ఇంకో ఏడాది ఉంది. తర్వాత ఏం చెయ్యాలో నాకూ తెలీదు. ఫర్వాలేదులే. రేపు పొద్దున్న ఆఫీసులో చెప్పెయ్యి. ఇంట్లో ఒకసారి అడిగి చెప్పు, అంతే."

ఏమోగారు ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా నాన్న పనిచేస్తున్న చోటికి వెళ్ళింది. అదొక పెద్ద ఆఫీసుల భవనం. కింద లిఫ్టు తలుపుకి "మరమ్మతు జరుగుచున్నది" అన్న బోర్డు వేలాడుతోంది. లిఫ్టు మెకానిక్ కూతురికి రాసిపెట్టింది ఎప్పుడూ మెట్లే. ఆయాసపడుతూ పై అంతస్తు చేరేసరికి, నాన్న లిఫ్టు గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, లిఫ్టు నేలా అంతస్తు నేలా సమంగా కలిశాయో లేదో బొటనవేలితో తడిమి చూస్తున్నాడు.

"ఏంటే, ఇలా వచ్చావు? అంతా బాగానే ఉందా?"

"ఆ. నీతో మాట్లాడాలి."

"అయితే లోపలికి రా. ఒక్కో అంతస్తూ ఆపి చూసుకుంటూ కిందకి దిగాలి. దారిలో మాట్లాడుకుందాం."

ఒక అంతస్తు దిగేలోపు ఆమె ఇచ్చినవి సంగతి చెప్పింది. నాన్న పకపకా నవ్విన నవ్వుకి లిఫ్టు గోడలు దద్దరిల్లాయి. "నాలుగు రోజులు కొట్టుకు చచ్చాం కదే! మీ అమ్మకి నేను చెప్తాను, నువ్వు చెప్పకు," అన్నాడు. తలుపు తెరుచుకుంది. వంగి గడప తడిమాడు, తృప్తిగా తలూపాడు, మీట నొక్కాడు.

"నాన్నా, పరీక్ష తప్పడమంటే నీకెందుకంత కోపం?"

"కోపం కాదు."

"మరేంటి?"

లిఫ్టు ఆగింది. ఈసారి గడప తడమడానికి ఆయనకి కొంచెం ఎక్కువసేపు పట్టింది. లేచి మీట నొక్కాక, తలుపు వైపే చూస్తూ చెప్పాడు.

"నేను సంగీతం తీసుకున్నాను."

"నువ్వా!"

"నవ్వకు. బాగానే పాడేవాణ్ణి. నచ్చింది, తీసుకున్నాను. సరిగ్గా పరీక్ష నాటికి గొంతు మారింది. పరీక్షకొచ్చినాయన ముందు నోరు తెరిస్తే మేక అరిచినట్టు వచ్చింది. తప్పాను. ఏడాది మళ్ళీ చదివాను. మీ తాతయ్య ఆ ఏడాదంతా నాతో మాట్లాడలేదు."

"అస్సలు?"

"అస్సలు. పక్కనే కూర్చుని భోంచేస్తూ, మీ నాన్నమ్మ వైపు తిరిగి 'వాణ్ణి నీళ్ళు కావాలేమో అడుగు' అనేవాడు."

ఆయన చెప్పేది నవ్వుతూనే చెప్తున్నాడు, అందుకే ఏమోగారికి ఇంకా బాధేసింది. "మరి సంగీతం ఎందుకు తీసుకున్నానా అనిపించిందా నీకు?" అని మెల్లగా అడిగింది.

లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. నాన్న వంగలేదు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు, ఆయనా తనని తాను అడుక్కోలేదు.

"లేదు," అన్నాడు కాసేపటికి. తన జవాబుకి తనే ఆశ్చర్యపోయినట్టు మళ్ళీ "లేదే," అన్నాడు. "ఆ క్లాసు భలే ఉండేది. తప్పినందుకు కూడా మరీ అంత బాధ లేదు. పరీక్ష మళ్ళీ పెట్టారు, రాశాను, అయిపోయింది. ఆ ఏడాది మాటలే... అవి మళ్ళీ రాలేదు."

తలుపు దానంతటదే మూసుకుంది.

"నేను వడ్రంగం తీసుకుంటాను నాన్నా," అంది ఆమె.

ఆ మాటలో ఏమో లేదని ఇద్దరూ గమనించారు.

"తప్పితే?"

"తప్పొచ్చు. మాస్టారు కూడా అన్నాడు. బాగా కష్టపడతాను, అయినా తప్పొచ్చు."

నాన్న మీట నొక్కాడు. లిఫ్టు కదిలింది. ఏమోగారు ఆయన వీపు వైపు చూస్తూ నిలబడింది. తలుపు తెరుచుకున్నాక ఆయన ఇటు తిరిగాడు.

"తప్పితే తిడతాను," అన్నాడు.

"సరే."

"చిన్నగా కాదు. రోజూ తిడతాను. పొద్దున్న లేవగానే మొదలుపెడతాను, సాయంత్రం ఇంటికొచ్చాక మళ్ళీ అందుకుంటాను. నీకు విసుగొచ్చేదాకా తిడతాను. అంతేగానీ నీతో మాట్లాడటం మాత్రం మానను."

ఏమోగారు ఏదో చిలిపిగా అనబోయి మానేసింది. ఆయన భుజానికి తల ఆనించి, గ్రీజు మరకలున్న ఆ చొక్కాని గట్టిగా పట్టుకుంది. నాన్న ఒక చేత్తో ఆమె తల నిమురుతూ, ఇంకో చేత్తో తలుపు మూసుకోకుండా పట్టుకుని నిలబడ్డాడు.